హిల్కె గారు పొగిడిన తోటలు

జర్మనీ ఉత్తర తీరంలో ఉన్న మా నోర్డర్‌జీల్‌లో స్టీరింగ్ పట్టుకున్న ప్రతివాళ్ళూ ఐలెర్ట్ ఫ్రేరిక్స్ మాస్టారి చేత తిట్లు తిన్నవాళ్ళే. నలభై రెండేళ్ళు డ్రైవింగ్ నేర్పాడాయన. ఊరి డాక్టరు, చర్చి పాస్టరు, మేయరమ్మ, మా అమ్మ, నేను, అందరం ఆయన శిష్యులమే. మా అమ్మని ఏ మాటలతో తిట్టాడో పాతికేళ్ళ తర్వాత నన్నూ పొల్లుపోకుండా అవే మాటలతో తిట్టాడు. ఇంటికొచ్చి చెప్పుకుంటే మా అమ్మ ఓదార్చకపోగా, "గేరు మార్చడమా, పిండి రుబ్బడమా అని ఇంకా అనలేదా? అంటాడులే, వచ్చే వారం" అని నవ్వింది.

ఆయన వెనకాల అందరం "కుడి మాస్టారు" అనేవాళ్ళం. బోర్డూ సిగ్నలూ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాడిది ముందు. వచ్చేది లారీ అయినా సైకిలైనా ఆగాల్సింది మనమే. అందరికీ తెలిసిన రూలే, కానీ మాస్టారికి అది రూలు కాదు, మతం. మొదటి రోజు పాఠంలో ఇంజను స్టార్టు చేయనిచ్చేవాడు కాదు. గంటసేపు ఊళ్ళో నడిపించి, ప్రతి మూలలోనూ నిలబెట్టి, మెడ కుడివైపుకి తిప్పించేవాడు. మా ఊరివాళ్ళు సూపర్‌మార్కెట్టులో సామాన్ల బండి తోసుకెళ్తూ కూడా అరల సందు దగ్గర ఆగి కుడివైపు చూస్తారు. నేనూ చూస్తాను, సిగ్గుపడకుండా.

నా పరీక్ష సంగతి చెప్తే ఆయన ఎలాంటివాడో తెలుస్తుంది. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. స్టీరింగ్ దగ్గర నేను, పక్కన మాస్టారు, వెనక సీట్లో పరీక్షాధికారి. నేర్పే కార్లలో మాస్టారి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకుంటుంది. పరీక్ష మధ్యలో ఆయన దాన్ని తొక్కాడంటే మన పని అయిపోయినట్టే. మిల్లు వీధి మూలలో కుడివైపు నుంచి పాల వ్యాను వస్తోంది, ఇంకా చాలా దూరంలో ఉంది. నేను కారు పోనిచ్చాను. పరీక్షాధికారి కాగితాల్లో తలపెట్టుకుని ఉన్నాడు, చూడనే లేదు. మాస్టారు బ్రేకు తొక్కేశాడు. నేను ఏడుస్తుంటే రుమాలిచ్చి, "నేను తొక్కకపోతే ఇవాళ నువ్వు పాసయ్యేదానివే వీబ్కె. కానీ రేపు నీకు ఎదురొచ్చేవాడికి పక్కన నేనుండను కదా" అన్నాడు. ఆరు నెలలు ఆయన మొహం చూడలేదు నేను. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఆరు నెలలకీ నాకు సిగ్గేస్తుంది.

అలాంటి నేను చివరికి కార్ల మీదే బతుకుతున్నాను. స్టేషను పక్కనే అద్దె కార్ల దుకాణం నాది. ఇటు కిటికీలోంచి రెండో ప్లాట్‌ఫారం, అటు కిటికీలోంచి నా తొమ్మిది కార్లు కనిపిస్తాయి. సెలవలు దగ్గరపడితే చాలు, జనం బల్ల ముందు నిలబడి, "కారు తీసుకోమంటావా, రైల్లో పొమ్మంటావా?" అని నన్నే అడుగుతారు. నేను నిజమే చెప్తాను, నా వ్యాపారం ఏమైనా సరే. పెద్ద ఊరికైతే రైలెక్కండి, అక్కడ కారు పెట్టుకునే చోటు వెతకడంలోనే సెలవ అయిపోతుంది. రోజుకి రెండే బస్సులొచ్చే పల్లెలు తిరగాలంటే కారు తీసుకోండి. ముగ్గురు పిల్లలుంటే కారు. మనసు బాగాలేకపోతే రైలు, ఎందుకంటే కిటికీలోంచి బయటికి చూస్తూ ఎంతసేపు కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. మా రైళ్ళు వేళకి రావంటారా? రావు. టైంటేబుల్ అనేది మా దగ్గర ఒక శుభాకాంక్ష. అయినా ఆలస్యమైతే తిట్టుకోవడానికి పక్కసీటులో ఒకరుంటారు, కారులో మనల్ని మనమే తిట్టుకోవాలి.

మాస్టారు మాత్రం ఈ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. "రైలంటే బండి పార్కు చేయడం చేతకానివాళ్ళ కోసం" అనేవాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ప్రతి సెలవకీ భార్యని కారులోనే తిప్పాడు.

ఆ భార్య హిల్కె గారు. ఊరంతటికీ డ్రైవింగ్ నేర్పినాయన ఇంట్లో డ్రైవింగ్ రాని మనిషి ఆవిడొక్కతే. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారే, అదే. పెళ్ళయిన కొత్తలో ఒకే ఒక్క పాఠం చెప్పాడట, కరకట్ట పక్క రోడ్డు మీద. మూడో నిమిషంలో ఆవిడ కారాపి, దిగి, "నాకు మొగుడొకడు చాలు, మాస్టారు అక్కర్లేదు" అని నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది. మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోలేదు. పక్కసీటులో మాత్రం యాభై ఏళ్ళు కూర్చుంది.

ఆ యాభయ్యో ఏడు మొన్న మే నెలలో వచ్చింది. బ్రేమెన్‌లో ఉండే కూతురు ఇన్సా వాళ్ళకి ఇటలీ కొండల్లో ఉన్న మెరానోలో రెండు వారాల బస ముందుగానే బహుమతిగా ఇచ్చింది. హిల్కె గారి కోరిక అది. మా నేల అరచేయిలా ఉంటుంది, మా ఊళ్ళో ఎత్తయినదంటే సముద్రపు కరకట్టే. చనిపోయేలోగా మంచు కొండల కింద కూర్చుని టీ తాగాలని ఆవిడకి ఎప్పట్నుంచో ఉంది. సరిగ్గా అప్పుడే వాళ్ళ పాత కారు తనిఖీలో తప్పింది. అడుగంతా తుప్పు, ఇంక బాగుచేయడానికి లేదన్నారు. దాంతో జీవితంలో మొదటిసారి మాస్టారి ముందుకి ఆ ప్రశ్న వచ్చి నిలబడింది.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం పొద్దున్నే ఇద్దరూ నా దుకాణానికి వచ్చారు. ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ కూర్చోలేదు, ప్లాట్‌ఫారం వైపు కిటికీ దగ్గర నిలబడింది.

"మెరానోకి కారు కావాలి. రెండు వారాలు. గేర్లున్నది," అన్నాడు.

"మాస్టారూ, పదకొండొందల కిలోమీటర్లు. పైగా ఆల్ప్స్ కొండదారి. రైల్లో అయితే హానోవర్‌లో ఒకసారి, మ్యూనిక్‌లో ఒకసారి, చివర్లో ఇంకోసారి మారితే చాలు."

"నేను నిన్ను సలహా అడిగానా?"

"అడగలేదు. అయినా చెప్తాను, మీ శిష్యురాల్నే కదా."

"నా శిష్యురాలివైతే నోరు మూసుకుని రోడ్డు చూడు."

హిల్కె గారు కిటికీలోంచి మొహం తిప్పకుండానే, "ఈయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు వీబ్కె. నాలుగోది నేను యాభై ఏళ్ళుగా వెతుకుతున్నాను" అంది. నవ్వుతూనే అంది గానీ కిటికీ అద్దంలో ఆవిడ మొహం నవ్వడం లేదు. పెద్దావిడకి రైలు మీద ఆశ ఉంది పాపం, అనుకున్నాను. ఇంకేమీ తట్టలేదు నాకు.

లైసెన్సు అడిగాను. జేబులోంచి పేలిక తీశాడు. పాత లైసెన్సుని మేమంతా అలాగే అంటాం, బూడిదరంగులో, పట్టుకుంటే గుడ్డలాగే ఉంటుంది. నాలుగు మడతలు, మడత మడతకీ చిరుగు, లోపల పద్దెనిమిదేళ్ళ కుర్రాడి ఫోటో, చెవులు రెండూ బయటికొచ్చి.

"ఇది చూపిస్తే ఇటలీ పోలీసులు మనవడి లైసెన్సు కొట్టేశారనుకుంటారు," అన్నాను.

"చెవులు చూసి గుర్తుపడతారులే," అంది హిల్కె గారు.

గేర్లున్న కారు నా దగ్గర ఒక్కటి కూడా లేదు. ఇప్పుడన్నీ వాటంతటవే గేరు మార్చుకునేవి, గీత దాటితే కూత పెట్టేవి. అలవాటు లేకుండా ఆల్ప్స్ ఎక్కడం మంచిది కాదు, ఊళ్ళో ఒక చుట్టు వేద్దాం, నేను వెనక కూర్చుని మీటలన్నీ చెప్తాను అన్నాను. గేర్లు లేని కారంటే ఉప్పులేని కూరన్నట్టు మొహం పెట్టాడు. అయినా సరేనన్నాడు.

అలా ఆయన ఎడమవైపు స్టీరింగ్ దగ్గర, ఆవిడ కుడిపక్క సీటులో, నేను వెనక. ఆయన డ్రైవింగ్ చూస్తుంటే కడుపు నిండిపోయింది. చేతులు ఎక్కడ ఉండాలో అక్కడున్నాయి, కారు నీళ్ళ మీద పోతున్నట్టు పోతోంది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి ఇలా నడుపుతుంటే రైలు రైలని ఎందుకు వేధించానా అనుకున్నాను.

బడి వీధి మూల దగ్గరికి వచ్చేసరికి హిల్కె గారు, "అబ్బ, ఆ మాగ్నోలియా చూడు ఐలెర్ట్, ఈ ఏడు ఎంత పూసిందో!" అంది. ఆయన వేగం తగ్గించి, ఒళ్ళంతా కుడివైపు తిప్పి చూసి, "ఊఁ, బాగుంది" అన్నాడు. కుడివైపు నుంచి ఎర్ర కారొకటి వస్తోంది. దానికి దారిచ్చాడు. తర్వాత బేకరీ మూల. "వాళ్ళ ట్యులిప్పులు చూడు, పోయిన ఏడు పసుపువి వేశారు, ఈసారి తెల్లవి." మళ్ళీ తగ్గించాడు, తిరిగి చూశాడు. ఒక సైకిలు దాటిపోయింది.

మూడో మూలలో ఆవిడ, "ఆ కంచె ఎంత నీటుగా కత్తిరించారో!" అంది.

నేను చూశాను. ఆ కంచె నాకు బాగా తెలుసు. అది మా చిన్నాన్నది. అంత బద్ధకస్తుడు జిల్లా మొత్తంలో లేడు, ఆ కంచె మీద కత్తెర పడి నాలుగేళ్ళయింది. దాని వెనకనుంచి ట్రాక్టరు ముక్కు బయటికి వస్తోంది. మాస్టారు ఆపాడు.

అప్పుడు మాస్టారి మెడని గమనించాను. ప్రతి మూలలోనూ అలవాటుగా కుడివైపు తిరుగుతోంది కానీ, జానెడు తిరగాల్సింది బెత్తెడే తిరుగుతోంది. కుడివైపు చూశానని ఆయన నిజంగానే నమ్ముతున్నాడు. చూడటం లేదు. పూలు చూడమని ఆవిడ అన్నప్పుడే ఒళ్ళంతా తిప్పుతున్నాడు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, తలని ఎప్పుడూ ముందు వచ్చే మూలవైపే ఉంచి కూర్చుంది. మాస్టారి కాళ్ళ దగ్గర మా కోసం రెండో బ్రేకు ఉండేది. ఆవిడకి అదీ లేదు.

అప్పుడే కారాపమని ఉండాల్సింది నేను. నోరు పెగల్లేదు. నలభై మూడేళ్ళొచ్చినా, అన్ని కార్లకి యజమానినైనా, ఆయన ముందు నేను ఇంకా పంతొమ్మిదేళ్ళ పిల్లనే. దుకాణానికి వెళ్ళాక మెల్లిగా చెబుదాంలే అనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకునే జాతి మాది.

తిరుగుదారిలో ఆయన రేవు పక్క సందులోకి తిప్పాడు, వాళ్ళు మామూలుగా వెళ్ళే దారి కాదది. ఆ చివర ఒక మూలుంది. కుడివైపు పాత చేపల గోదాము గోడ, ఇటుకలు, పైన రేకు. అంతే. హిల్కె గారు నోరు తెరవడం నాకు వెనకనుంచి కనిపించింది. మాట రాలేదు. ఆయన మెడ బెత్తెడు తిప్పి పోనిచ్చాడు.

కారు దభాలున ఆగిపోయింది. బెల్టు నా భుజాన్ని కోసేసింది. ముందు అద్దానికి అడుగు దూరంలో పసుపుపచ్చ మూడుచక్రాల బండి, దాని మీద పోస్టు పంచే మైకె, ఆవిడ వెనక చెల్లాచెదురుగా ఉత్తరాలు.

మాస్టారు మొదట పక్కసీటు కింద హిల్కె గారి కాళ్ళకేసి చూశాడు. "ఎవరు తొక్కారు?" అన్నాడు.

"ఎవరూ తొక్కలేదు మాస్టారూ," అన్నాను. "కారే తొక్కుకుంది. వీటిలో ఆ ఏర్పాటు ఉంటుంది."

మైకె కూడా ఆయన శిష్యురాలే. గుండె కుదుటపడగానే వేలు చూపించి, "మాస్టారూ! కుడి! కుడి! మీరే నేర్పారు కదా!" అని పకపకా నవ్వింది. తర్వాత ఆయన మొహం చూసింది. నవ్వు ఆపేసి, వంగి ఉత్తరాలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

"నాకు కనబడలేదు," అన్నాడాయన.

హిల్కె గారు గోడకేసి చూస్తోంది. "ఇక్కడ ఉత్త గోడే కదా ఉంది," అంది, తనలో తను చెప్పుకుంటున్నట్టు. "పొగడటానికి ఏమీ తోచలేదు."

ఆయనకి అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. మైకె ఉత్తరాలన్నీ ఏరుకుంది, బండెక్కింది, మెల్లిగా వెళ్ళిపోయింది. అప్పటిదాకా ఆయన స్టీరింగ్ మీద చేతులు తీయలేదు. అప్పుడు అడిగాడు.

"ఎన్నాళ్ళుగా నడుపుతున్నావు హిల్కె?"

"మూడో ఏడు," అందావిడ.

ఆయన దిగి వచ్చి వెనక తలుపు తీశాడు. నేను దిగి ముందుకెళ్ళి స్టీరింగ్ దగ్గర కూర్చున్నాను. దారంతా అద్దంలో ఆయన్ని చూస్తూనే ఉన్నాను. అరచేత్తో ఎడమకన్ను మూసుకుని బయటికి చూశాడు. చెయ్యి తీశాడు. కుడికన్ను మూసుకుని చూశాడు. మళ్ళీ ఎడమది మూశాడు. దుకాణం వచ్చేదాకా అలా మారుస్తూనే ఉన్నాడు.

మర్నాడు నేను హిల్కె గారింటికి వెళ్ళాను, కోపంగానే వెళ్ళాను. ఆయన షెడ్డులో ఉన్నాడట, పొద్దుట్నుంచీ బయటికి రాలేదు. ఆవిడ టీ పెట్టింది. కప్పులో పటికబెల్లం ముక్క వేసి, వేడి టీ పోసి, అది చిటపటమంటుంటే పైన మీగడ చుక్క వదిలింది. నేను చెంచా ముట్టుకోలేదు, కప్పూ ముట్టుకోలేదు.

"మూడేళ్ళు! డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేకపోయారా? మైకె బదులు ఒక చిన్నపిల్ల అడ్డమొచ్చి ఉంటే? మీరు చూడని క్షణంలో వచ్చి ఉంటే?"

"ఆ పిల్ల నాకు రోజూ కల్లోకి వస్తుంది వీబ్కె," అంది. "డాక్టరు దగ్గరికి రెండుసార్లు పేరు రాయించాను. పేపరు చదవగలుగుతున్నాను, కళ్ళకేం రోగం అని ఈయన వెళ్ళనే లేదు. నేనేం చెప్పాలి? నీకు కుడివైపు కనబడటం లేదని చెప్పాలా? ఎవరికి? ఆయనకా?"

"చెప్పాల్సింది!"

"చెప్పాల్సింది. తప్పే చేశాను. ప్రేమతో చేశానని చెప్పి తప్పించుకోను. ఆయన చిన్నబోతే చూడలేక ఊళ్ళోవాళ్ళందరి ప్రాణాలూ పందెం కాశాను." కప్పు కింద పెట్టింది. "రైలైతే ఆ బెంగ తీరుతుందనుకున్నాను. ఒక్కసారి రైల్లో తీసుకెళ్తే అలవాటవుతుందేమో, కారు సంగతి దానంతటది పోతుందేమో అని. కొండలు సాకు. అదీ నా తెలివి."

భర్తని కంటికి రెప్పలా చూసుకుంది అంటాం కదా, ఎంతో మెచ్చుకోలుగా. ఆ రెప్ప పని ఎంత భయంకరంగా ఉంటుందో అప్పటిదాకా నేను ఆలోచించలేదు. టీ తాగాను. మూడు కప్పులు తాగాకే లేవనిచ్చింది, మా ఊరి మర్యాద ఇంకా పోలేదు ఆవిడకి.

తొమ్మిది రోజులు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. మెరానో సంగతి ఎత్తలేదు. బసకి డబ్బు వెనక్కి ఇస్తారా అని ఇన్సా నాకు ఫోన్ చేసి అడిగింది. నాకేం తెలుసు? కారు రద్దు చేయాలా అని నేను ఆయన్ని అడగలేదు, చేయమని ఆయనా చెప్పలేదు. ప్రయాణం ఉంటుందో లేదో, వాళ్ళిద్దరూ మళ్ళీ ఒక బల్ల దగ్గర మామూలుగా కూర్చుంటారో లేదో నాకు తెలియలేదు. దుకాణంలో ఆ కారు తాళం ఎవరికీ ఇవ్వకుండా మేకుకి అలాగే ఉంచాను.

పదో రోజు ఆయన ఇల్లు కదిలాడు. మొదట బస్సెక్కి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. రెండు కళ్ళ నరాలూ దెబ్బతిన్నాయట, కుడిది ఎక్కువ, అది మెల్లిగా అంచుల్నుంచి తింటూ వస్తుందట, మనిషికి తెలియనివ్వదట. అక్కణ్ణుంచి నేరుగా జిల్లా కార్యాలయానికి వెళ్ళాడు. లైసెన్సు ఇచ్చేసిన పెద్దవాళ్ళకి మా జిల్లాలో ఏడాదిపాటు బస్సులకీ దగ్గరి రైళ్ళకీ పాసు ఇస్తారు. ఆ బల్ల దగ్గర కూర్చునేది ఎవరనుకున్నారు? ఇంకో శిష్యుడు, ఫోకె. వాడు చెప్పాడు నాకు.

"తొందరేం లేదు మాస్టారూ, ఇంటికెళ్ళి ఇంకోసారి ఆలోచించుకోండి," అన్నాడట ఫోకె.

"ఈ కళ్ళతో నువ్వు నా దగ్గరికొచ్చి ఉంటే నిన్ను పరీక్షకి పంపేవాణ్ణా?"

"పంపేవారు కాదు."

"మరి సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు."

పేలిక ఇచ్చేశాడు. ఫోకె దాన్ని చేతిలోకి తీసుకుంటే మడతల దగ్గర రెండు ముక్కలైందట. ఆ మాట చెప్తూ వాడు, అంత లావు మనిషి, ముక్కు చీదుకున్నాడు.

ఆ సాయంత్రమే మాస్టారు నా దుకాణానికి వచ్చాడు. టోపీ తీయలేదు.

"మెరానోకి రైలు కావాలి," అన్నాడు. నేనేదో చిన్న పొగడ్త మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "టికెట్టు ఎలా తీసుకోవాలో నాకు తెలీదు. నేర్పించు."

పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. నా జీవితంలో అంత బుద్ధిగా విన్న శిష్యుణ్ణి చూడలేదు. ఇది ఈ రైలుకి మాత్రమే చెల్లే చవక టికెట్టు, వేరే రైలెక్కితే చెల్లదు అని చెప్తే కాగితం మీద రాసుకుని కింద రెండు గీతలు గీశాడు. హానోవర్‌లో మారడానికి తొమ్మిది నిమిషాలంటే, "ఏ ప్లాట్‌ఫారం నుంచి ఏ ప్లాట్‌ఫారానికి?" అని మూడుసార్లు అడిగాడు. అంతా అయ్యాక లేచి, తలుపు దగ్గర ఆగాడు.

"రైల్లో ఏం చేస్తారు వీబ్కె?"

"కూర్చుంటారు మాస్టారూ."

"కూర్చుని?"

"అంతే. కూర్చోవడమే."

"చేతులో?"

"చేతులా?"

"చేతులు ఎక్కడ పెట్టుకుంటారు?"

నవ్వొచ్చింది, నవ్వలేదు. ఎక్కడైనా పెట్టుకోవచ్చు మాస్టారూ అన్నాను. ఆయన తన చేతులకేసి చూసుకుని, తల ఊపి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక దుకాణం తలుపు మూసి నేను కాసేపు ఏడ్చాను, ఎందుకో చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఊరంతటికీ దారి ఇవ్వడం నేర్పిన మనిషి, తనకి తాను దారి ఇవ్వడం ఎంత కష్టంగా నేర్చుకుంటున్నాడో నా కళ్ళ ముందే చూశాను.

మే పన్నెండున రైలు. మాస్టారు గంట ముందే ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. హిల్కె గారు కొత్త నీలం కోటు వేసుకుంది. ఇద్దరూ బెంచీకి చెరో చివరా కూర్చున్నారు, మధ్యలో పెట్టె. ఇంకా మాటలు పూర్తిగా కలిసినట్టు లేదు. కారులో పక్కపక్కన కూర్చోవడానికి అలవాటుపడ్డవాళ్ళు ఎదురెదురుగా ఏం మాట్లాడుకుంటారో అని నాకు దిగులేసింది. రైలు ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. మా లెక్కలో అది వేళకి వచ్చినట్టే. ఆయన ఆవిడకి కిటికీ సీటు ఇచ్చి, తను ఎదురుగా, రైలు పోయే దిక్కుకి వీపు పెట్టి కూర్చోవడం చూశాను. చెయ్యి ఊపాను. ఆవిడ ఊపింది.

దాదాపు మూడు గంటల తర్వాత దుకాణంలో ఫోన్ మోగింది. మాస్టారు. గొంతు ఎంత తగ్గించాడంటే మొదట దొంగతనంగా మాట్లాడుతున్నాడనుకున్నాను.

"హానోవర్ వస్తోంది వీబ్కె."

"మంచిది. పెట్టె దింపుకోండి. తొమ్మిది నిమిషాల్లో ఆలస్యం పోగా ఎంత మిగిలిందో, తొందరగా దిగాలి."

"హిల్కె నిద్రపోయింది."

"లేపండి మరి."

చక్రాల చప్పుడు వినిపించింది.

"ఓల్డెన్‌బర్గ్ స్టేషను రాకముందే పడుకుంది," అన్నాడు. "నోరు తెరుచుకుని, తల అద్దానికి ఆనించి. ఈ మూడేళ్ళలో కారులో ఒక్కసారి కన్ను మూయలేదు వీబ్కె. డెన్మార్క్ దాకా వెళ్ళాం, హార్ట్స్ కొండలకి వెళ్ళాం, తెల్లారి నాలుగింటికి బయల్దేరినా సరే. ఈవిడకి దారి చూడటం ఎంత ఇష్టమో అనుకునేవాణ్ణి."

"దిగకపోతే ఈ బండి ఎక్కడికి పోతుంది?" అన్నాడు.

"లైప్‌జిగ్. కానీ మాస్టారూ, ఈ బండిలో మీ టికెట్టు హానోవర్ దాకానే. ఆ తర్వాత కూడా మీరు రాసుకున్న ఆ ఒక్క మ్యూనిక్ రైలుకే చెల్లుతుంది. టికెట్టు తనిఖీ చేసేవాళ్ళు వస్తే..."

"రూలు నాకు తెలుసు." రైలు వేగం తగ్గుతున్న చప్పుడు. ఎవరో పెట్టెలు లాగుతున్నారు. "లైప్‌జిగ్‌కి ఎంతసేపు?"

"ఇంకో మూడు గంటలు."

"మూడు గంటలు," అన్నాడు మాస్టారు. "సరే. పడుకోనీ."